చేతికివ్వని బిళ్ళ

ప్రధాన కార్యాలయం, శిక్షణ విభాగం
రెండో అంతస్తు, మెట్ల పక్క గది

నిప్పుకోడికి,

ముందు శుభవార్త, తర్వాత సుద్దులు. మహిళా నాయకత్వ శిక్షణలో మొదటి జట్టుకి నీ పేరు ఖాయమైంది. నేను చెప్పి రాయించలేదు, ఒట్టు. నీ దరఖాస్తు చర్చకి వచ్చినప్పుడు వదిన వరస కదా అని గదిలోంచి లేచి వరండాలో నిలబడ్డాను. రేపు ఎవరైనా మూతి విరిస్తే ఆ మాట మొహం మీదే చెప్పు.

ఈ శిక్షణ కోసం నేను ఎంతమంది గుమ్మాల ముందు నిలబడ్డానో మీ అన్నయ్యకి తెలుసు. ఫైర్ స్టేషన్లలోకి ఆడవాళ్ళని తీసుకున్నారు, తీసుకున్నందుకు చప్పట్లు కొట్టించుకున్నారు, ఆ తర్వాత అందరినీ టెలిఫోన్ గదుల్లో కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆడది కూడా లీడింగ్ ఫైర్‌మన్ కాలేదు. ఆ హోదాకి ఆడపేరైనా పెట్టండి అని మీటింగులో అంటే, ముందు ఎవరో ఒకరిని అవనీండి మేడం, పేరుదేముంది అన్నాడొకాయన. పళ్ళు కొరుక్కుంటూ నవ్వాను. ఇప్పుడు ఆర్నెల్ల శిక్షణ, ఒక్కొక్కరికీ అనుభవమున్న ఒక మెంటర్, చివర పరీక్ష. పాసైతే ఒక బృందం నీ చేతికొస్తుంది. నీకు కావలసింది అదే కదా.

మీ స్టేషన్ ఆఫీసరే నీ మెంటర్. సర్వీసంతా మచ్చ లేని మనిషి. కూతురిలా చూసుకుంటానని ఫోన్లో నాకు మాటిచ్చారు.

ఇక సుద్దులు. అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేవకు. నోటికి తాళం వేయమనను, తలుపు కాస్త దగ్గరగా వేసుకోమంటాను. ముందు వాళ్ళ మనసు గెలుచుకో, మాట తర్వాత నెగ్గుతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నా మాట సగంలోనే అందుకుంటావు, మిగతా సగం మీ అన్నయ్య లాక్కుంటాడు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. నువ్వూ ఉత్తరమే రాయి. పొడుగు కాళ్ళు చూసి చిన్నప్పుడు నిప్పుకోడి అని పేరు పెడితే, అది పెద్దయ్యాక నిజంగానే నిప్పులో దూరిందని వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు మీ అన్నయ్య.

నీ వదిన


ఫైర్ స్టేషన్
పాత గొట్టాల గది (ఇప్పుడు ఆడవాళ్ళ గది)

వదినా,

నీ శిక్షణలో తరగతి గది ముచ్చట అయిపోయింది. మైకు పట్టుకున్నావిడ మమ్మల్ని అద్దం ముందు నిలబెట్టి, నాలో నిద్రపోతున్న నాయకురాలా, లే అనిపించింది. నాలో నాయకురాలు ఎప్పుడు నిద్రపోయింది వదినా? ఆమెని లోపలికి రానివ్వకుండా తలుపుకి అడ్డంగా నిలబడ్డవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పోనీలే. మిగతా స్టేషన్ల ఆడవాళ్ళు పరిచయమయ్యారు. అందరం కలిసి కడుపారా తిట్టుకున్నాం. అన్నిటికంటే ఆ పాఠమే బాగా ఎక్కింది.

ఇప్పుడు నా గురువుగారి సంగతి. ఆయన నన్ను బిళ్ళల పలక దగ్గర పెట్టారు. నువ్వు ఆ పలకని పుస్తకంలో తప్ప చూసి ఉండవు, అందుకని చెప్తున్నా. మాకు తలా ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, మీద పేరు చెక్కి. పొగలోకి వెళ్ళేవాడు గుమ్మం దగ్గర ఆ బిళ్ళని పలక పట్టుకున్న మనిషి చేతికివ్వాలి. ఆ మనిషి పలక మీద కొక్కేనికి తగిలించాలి. బయటికొచ్చినవాడు చెయ్యి చాపి తన బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ పలక మీద ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, లేకపోతే బయటపడ్డట్టు. పలక దగ్గరున్న మనిషి ఈల వేస్తే ఎంత పెద్దవాడైనా పని వదిలేసి బయటికి రావాలి. లీడర్ కాబోయేవాళ్ళకి ఇదే మొదటి మెట్టు అని మీ పుస్తకంలోనే రాశారు.

నాకు ముందు ఈ పని కుంటి పెద్దాయన చేసేవాడు. అందరూ ఆయన చేతికే ఇచ్చేవాళ్ళట. నేను రాగానే ఏమైందో చెప్పనా? సైరన్ మోగగానే, బండి ఇంకా స్టేషన్ దాటకముందే, మీసాలాయన అందరి బిళ్ళలూ గుత్తగా తెచ్చి పలకకి తగిలించేస్తాడు. ఈయన గొట్టం కొసన నాజిల్ పట్టే మనిషి, స్టేషన్లో ఆయన మాటకి ఎదురు లేదు. ఇంక మంట దగ్గర నేనేం చూడాలి? లోపలికి వెళ్ళినవాడి బిళ్ళా ఉంటుంది, బండి పక్కన బీడీ కాలుస్తున్నవాడి బిళ్ళా ఉంటుంది. ఆడదాని చేతికిచ్చి, వచ్చాక మళ్ళీ చెయ్యి చాపడం వాళ్ళకి నామోషీ. నాకు టోకెనమ్మ అని పేరు కూడా పెట్టారు, సైకిల్ స్టాండులో టోకెన్లిచ్చే మనిషిలాగా.

నాతోపాటు చేరిన పాటగాడు ఒకడున్నాడు. గొట్టం చుడుతూ ఎప్పుడూ కూనిరాగం తీస్తుంటాడు. మొదట్లో వాడొక్కడే నా చేతికి ఇచ్చేవాడు. పెళ్ళిలో ఉంగరం తొడిగినట్టు ఇస్తున్నావేంట్రా అని అందరూ ఏడిపించారు. వారం తిరక్కుండా వాడి బిళ్ళ కూడా మీసాలాయన గుత్తిలో కలిసింది.

నేను ఆఫీసరు గారికి చెప్పాను. తలుపు దగ్గరగా వేసుకునే చెప్పాను, నీ మీద ఒట్టు. ఆయన నవ్వి, చూడమ్మా, నాయకత్వం అంటే పట్టూ విడుపూ అన్నారు. విడుపు ఎప్పుడూ నా వంతే ఎందుకవుతుందని అడగలేదు. అడగనందుకు కడుపు మండిపోతోంది.

నిప్పుకోడి


శిక్షణ విభాగం
వానలు మొదలైన వారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నాకూ ఒళ్ళు మండింది. నువ్వు నమ్మవు కానీ నేనూ మీటింగుల్లో మాట చెల్లక అలాంటి టోకెన్లు పంచిన మనిషినే. కానీ ఇప్పుడే ఫిర్యాదు అంటూ రాతలోకి దిగకు. మొదటి నెలలోనే మొదటి జట్టు నుంచి మొదటి ఫిర్యాదు వచ్చిందంటే, చూశారా, మేం ముందే చెప్పాం అనడానికి ఇక్కడ కాచుక్కూర్చున్నారు. నీ వెనక మిగతా ఆడవాళ్ళందరూ ఉన్నారు. తర్వాతి జట్లు ఉన్నాయి. ఆ సంగతి ఒక్కసారి ఆలోచించు.

నేను మీ ఆఫీసరు గారితో మాట్లాడాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. కుర్రాళ్ళకి అలవాటు కావడానికి కొంచెం టైమివ్వండి అన్నారు. ఇద్దాం. పై నెల శిక్షణ చూడటానికి పైవాళ్ళు మీ స్టేషన్‌కే వస్తున్నారు. మీ స్టేషన్ని ఎంచింది నేనే. వాళ్ళ కళ్ళ ముందైనా పని పద్ధతిగా జరుగుతుంది, ఒకసారి జరిగితే అదే అలవాటైపోతుంది. నా ఎత్తు ఎలా ఉంది?

మీ అన్నయ్య నీకు తలనూనె పంపమంటున్నాడు, తల వేడెక్కుతుందట.

నీ వదిన


ఫైర్ స్టేషన్, ఆడవాళ్ళ గది

వదినా,

నీ ఎత్తు దివ్యంగా ఉంది. చూసి తరించాను.

పైవాళ్ళు వచ్చిన రోజు పొగ గదిలో డ్రిల్లు పెట్టారు. మీసాలాయన మీసాలు దువ్వుకుని వచ్చాడు. ఒక్కొక్కరే గుమ్మం దగ్గర ఆగి, తల కొంచెం వంచి, బిళ్ళ నా అరచేతిలో పెట్టారు. బయటికొచ్చి చెయ్యి చాపి, థాంక్యూ మేడం అని తీసుకున్నారు. మేడం అట. కెమెరా ఆయనకి సరిగ్గా పడలేదంటే మీసాలాయన వెనక్కి వెళ్ళి మళ్ళీ ఇచ్చాడు. ఆఫీసరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, మా అమ్మాయి అని పైవాళ్ళకి చూపించారు. పైవాళ్ళు టీ తాగి, మహిళా శక్తి గురించి రెండు ముక్కలు చెప్పి, కార్లెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఒక షాపులో పొగ వచ్చిందని సైరన్ మోగింది. బండి ఎక్కేసరికి పలక నిండా బిళ్ళలు వేలాడుతున్నాయి.

అంటే ఎలా ఇవ్వాలో వాళ్ళకి తెలుసు వదినా. తెలియక కాదు, అలవాటు కాక కాదు. ఇవ్వడం వచ్చు, ఇవ్వరు, అంతే. ఇన్నాళ్ళూ నాకూ కొంచెం అనుమానం ఉండేది, నేనే తొందరపడుతున్నానేమో అని. ఆ ఒక్క రోజుతో అనుమానం తీరింది. దానికి మాత్రం నీకు రుణపడి ఉంటాను.

నేను ఊరుకోలేదు. కొక్కేల మీంచి బిళ్ళలన్నీ తీసి ఎవరివి వాళ్ళ ఒళ్ళో వేశాను, గుమ్మం దగ్గర ఇవ్వండి అన్నాను. దిగేలోపల మీసాలాయన మళ్ళీ పోగుచేసి తగిలించాడు. ఆఫీసరు గారు బండి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, మంట దగ్గరికి వెళ్తూ ఈ పేచీలేంటమ్మా అన్నారు. పేచీ పెట్టింది నేనట. మిగతా స్టేషన్లలో ఆడవాళ్ళని కూడా అడిగాను. ఒకామెకి ఇంతే. ఇంకొకామెకి అసలు పలకే ఇవ్వలేదు, టీ ఫ్లాస్కు ఇచ్చారు.

మనసు గెలుచుకోవడం నావల్ల కాదు. నాకు బిళ్ళ ఇస్తే చాలు. మనసు వాళ్ళ దగ్గరే ఉంచుకోమను.

నిప్పుకోడి


శిక్షణ విభాగం

అమ్మాయ్,

రెండు ముక్కలే రాస్తున్నాను, బయట మనుషులు కాచుకున్నారు. మీ డ్రిల్లు ఫోటో పెద్దది చేయించి పై అంతస్తు మీటింగు గదిలో పెట్టారు. అందరూ మెచ్చుకుంటున్నారు. రెండో జట్టుకి అనుమతి దాదాపు వచ్చినట్టే. ఇంకొన్నాళ్ళు ఓర్చుకో. పరీక్ష పాసై బృందం నీ చేతికొచ్చాక నీ పద్ధతి నువ్వే పెడుదువు గాని. పై ఆఫీసర్లతో బిళ్ళల మాట ఇంకోసారి ఎత్తాను. ఆ ఫోటోలో పద్ధతిగానే ఉంది కదా మేడం అన్నారు.

నీ వదిన


ఫైర్ స్టేషన్, ఆడవాళ్ళ గది
కొట్టివేతలు ఏమనుకోకు, తిరగరాసే ఓపిక లేదు

వదినా,

పేపర్లో చూసే ఉంటావు. పేపర్లో లేనిది రాస్తాను.

పరుపుల గోదాములో మంటలు. దూది, స్పాంజి, పైన రేకుల కప్పు. గోదాముకి ముందు ఒక గుమ్మం, వెనక వీధిలోకి ఇంకో తలుపు. నేను ముందు గుమ్మం దగ్గర పలక పట్టుకుని ఉన్నాను. పలక నిండా ఎప్పటిలాగే బిళ్ళలు. చేతిలో పలక ఉన్నా లేకున్నా ఒకటే కాబట్టి, నేను లోపలికి వెళ్తున్న మొహాలు గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాను. అందరూ ముసుగులు వేసుకుంటే మొహాలేం తెలుస్తాయి?

కాసేపటికి పొగ రంగు మారింది. కప్పు మధ్యలో కుంగింది. నేను ఈల వేశాను. ఆపకుండా వేశాను. వచ్చారు, తిట్టుకుంటూ వచ్చారు. వచ్చినవాళ్ళు ముసుగులు తీశాక చూస్తే మీసాలాయన లేడు. ఆయన బిళ్ళ పలక మీద ఉంది.

ఆఫీసరు గారు పంపు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు. లోపల ఎవరున్నారన్నారు. నేను చెప్పాను వదినా, ఒక్కో మాట విడమరిచి చెప్పాను. సార్, ఈ బిళ్ళలు స్టేషన్లో తగిలించినవి, ఆయన లోపల ఉన్నాడని వీటిని బట్టి చెప్పలేం, ముందు వెనక వీధిలో చూద్దాం, కప్పు కూలేలా ఉంది, ఎవరినీ పంపకండి అన్నాను. ఆయన నన్ను చూడలేదు. పలక వంకే చూసి, బిళ్ళ ఉంది కదా, మనిషి లోపలే ఉన్నాడు అన్నారు. ఎవరు వెళ్తారని అడిగారు. పాటగాడు ముసుగు వేసుకున్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆఫీసరు గారు, వదులమ్మా, ఆడంగి భయాలు ఇక్కడ పనికిరావు అన్నారు. వదిలేశాను.

వాడు లోపలికి వెళ్ళిన కాసేపటికే కప్పు సగం కూలింది. ఇనప దూలం వాడి నడుము మీద పడింది. అందరం వెళ్ళి లాక్కొచ్చాం. అప్పుడు వెనక వీధి సందులోంచి మీసాలాయన నడుచుకుంటూ వచ్చాడు. గొట్టం మడత పడి నీళ్ళు రాకపోతే సరిచేయడానికి వెనక తలుపులోంచి ఎప్పుడో బయటికొచ్చాడట. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడట. ఏమైంది, ఎందుకిలా నిలబడ్డారు అని అడిగాడు.

పాటగాడు బతికాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కలేడని డాక్టరు చెప్పాడు. నడవడం కూడా చూడాలి అన్నాడు. వాడి భార్య ఆస్పత్రి వరండాలో నన్ను చూసి, పలక దగ్గర నువ్వే ఉన్నావట కదా అక్కా అంది. ఆ మాట అప్పటికే ఆమెదాకా ఎవరు చేరవేశారో నేను అడగక్కర్లేదు.

పత్రికలవాళ్ళకి నా గురువుగారు చెప్పింది ఇదీ. పలక దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి ఉంది, లెక్కలో పొరపాటు జరిగింది, అనుభవలేమి, ఆమెని తప్పుపట్టకండి.

తప్పుపట్టకండి అన్నారు చూడు, అది నేను ఈ జన్మలో మర్చిపోను.

నిప్పుకోడి


ప్రధాన కార్యాలయం, శిక్షణ విభాగం

ప్రియమైన నీకు,

నువ్వు ఎంత బాధలో ఉన్నావో ఊహించగలను. ఇంట్లో మేమిద్దరం సరిగ్గా తిని నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఈ ఉత్తరం చాలా ఆలోచించి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

నిన్ను సస్పెండ్ చేయగానే విచారణ కమిటీ కూడా వేశారు. కమిటీ పెద్దాయన నన్ను పిలిచి మాట్లాడారు. వాళ్ళ ఉద్దేశం నిన్ను శిక్షించడం కాదు. ఒక చిన్న కాగితం మీద నువ్వు సంతకం చేస్తే చాలు. అనుభవం చాలక బిళ్ళల లెక్కలో పొరపాటు పడ్డానని అందులో ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు. సస్పెన్షన్ ఎత్తేస్తారు. నిన్ను టెలిఫోన్ గదికి మారుస్తారు, ఉద్యోగానికి ఢోకా లేదు. విషయం అక్కడితో ముగుస్తుంది, శిక్షణ ఆగదు. సంతకం చేయకపోతే మొత్తం శిక్షణనే పునఃపరిశీలిస్తామన్నారు. ఆ మాటకి అర్థం నీకు వేరే చెప్పక్కర్లేదు.

నిజం నాకు తెలుసు. నీకు తెలుసు. ఒక్కోసారి పెద్ద పని నిలబడాలంటే మనలో ఒకరు ఒక మెట్టు దిగాలి. నీ తర్వాత వచ్చే ఆడవాళ్ళు నీ మేలు మర్చిపోరు. కాగితం ఇందులోనే పెట్టాను.

మీ అన్నయ్యకి ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు.

నీ వదిన


ఫైర్ స్టేషన్ ఎదుటి టీ కొట్టు బల్ల (లోపలికి రానివ్వరు)

శిక్షణ విభాగం అధికారిణి గారికి,

మీరు పంపిన కాగితం అందింది. ముక్కలుగా తిప్పి పంపుతున్నాను. అంటించుకుంటే అంటించుకోండి.

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి మీరు అనే రాస్తాను. నా తర్వాత వచ్చే ఆడవాళ్ళు నా మేలు మర్చిపోరన్నారు. వాళ్ళొచ్చి చూసేదేమిటి? టెలిఫోన్ గదిలో కూర్చున్న నన్ను. మొదట వచ్చినావిడకి లెక్క రాదట, అందుకే మనిషి నడుము విరిగిందట, పాపం ఆడది కదా అని చెప్పుకునే కథని. ఆ కథ మీద నిలబెట్టిన శిక్షణలో మీరు వాళ్ళకి ఏం నేర్పుతారు? అద్దం ముందు నిలబడి ఏమని చెప్పుకోమంటారు? మెట్టు దిగాలన్నారు. మీరు నన్ను ఎక్కనిచ్చిన మెట్టేది, దిగడానికి?

పాటగాడిని చూసొచ్చాను. కళ్ళు కలపలేదు. ఏం చెప్పావురా కమిటీకి అని అడిగాను. ఏమీ గుర్తులేదని చెప్పాను అన్నాడు. ఆఫీసరు గారు కూర్చుని చేసే ఉద్యోగం ఇప్పిస్తామన్నారట. నాకు ఉద్యోగం కావాలి అక్కా అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడికి ఇద్దరు పిల్లలు, నడుము లేదు. మీకు నడుము ఉంది. మీ మీదే కోపం వచ్చింది.

ఆఫీసరు గారు నన్ను కూతురిలా చూసుకుంటానని మీకు మాటిచ్చారన్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. కూతుళ్ళ మీదకి తప్పు నెట్టేసినంత సులువుగా ఇంకెవరి మీదకీ నెట్టలేరు కదా.

నాకు బృందం ఇవ్వకపోయినా సరే. ఉద్యోగం పోయినా సరే. లెక్క తప్పానని మాత్రం నా చేత్తో రాయను. విచారణకి నన్ను పిలవడం లేదని తెలిసింది, సంతకం ఉంటే మనిషితో పనేముంది? మీరు మాత్రం అక్కడ ఉంటారట. ఉండండి. చూసి రండి.

ఇట్లు
టోకెనమ్మ


ఇంటి నుంచి
వంటగది బల్ల మీద రాస్తున్నాను

నిప్పుకోడీ,

నీ ఉత్తరం ఇంటికే వచ్చింది, మీ అన్నయ్యే మొదట విప్పాడు. చదివి నా ముందు పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేశాడు, అన్నం వడ్డిస్తే తింటాడు, గిన్నె వంకే చూస్తాడు. అది అలా ఉంచు. విచారణ గురించి చెప్తాను.

మీవాళ్ళంతా ఫైరింజన్‌లోనే వచ్చారు. డ్యూటీలో ఉన్నవాళ్ళు కదా, కాల్ వస్తే ఇటునుంచి ఇటే పోవాలని బండిని కింద పోర్టికోలో పెట్టారు. పై అంతస్తు గదిలో గోడకి నీ ఫోటో. బల్ల చుట్టూ కుర్చీలు. నాకొక కుర్చీ బల్లకి కాస్త ఎడంగా వేసి, మేడం, మీ దస్తూరి బాగుంటుంది, మినిట్స్ మీరు రాయండి అన్నారు. మహిళా నాయకత్వ శిక్షణ నడిపే మనిషిని నేను. రాయడం మొదలుపెట్టాను.

మీ ఆఫీసరు బ్రహ్మాండంగా మాట్లాడారు. అమ్మాయి మంచిదే, కాస్త ఆవేశం, నా ప్రయత్నం నేను చేశాను అన్నారు. పెద్దాయన నా వైపు తిరిగి, మీ శిక్షణలో లెక్కపెట్టడం నేర్పలేదా మేడం అన్నారు. అందరూ నవ్వారు. నేను ఆ నవ్వు కూడా రాయబోయి కలం ఆపాను. ఈలోగా ఎవరో, టీ ఇంకా రాలేదేంటి, మేడం ఒకసారి చూసి రండి అన్నారు.

టీ కోసమే కిందికి దిగాను. పోర్టికోలో బండి పక్కనుంచి వెళ్తుంటే తలుపు తెరిచి ఉంది. లోపల పలక కనపడింది. నేను ఆ పలకని ఫోటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ నీ ఉత్తరాల్లో చదివి, అయ్యో అనుకుని, మడిచి పెట్టుకున్నాను. పలక నిండా బిళ్ళలు వేలాడుతున్నాయి. పేర్లు ఒక్కొక్కటే చదివాను. మీ ఆఫీసరుది ఉంది. డ్రైవరుది ఉంది. మీసాలాయనది ఉంది. ఆస్పత్రిలో పడుకుని ఉన్న పాటగాడిది కూడా ఉంది. నీది మాత్రం తీసేశారు.

ఒక మనిషి నడుము విరిగాక కూడా వీళ్ళు ఆ అలవాటు మార్చుకోలేదు. మార్చుకోవాల్సిన అవసరమే కనపడలేదు, ఎందుకంటే తప్పు ఎవరిదో అప్పటికే తేలిపోయింది, ఆడదాని లెక్కది. పలక ఊడదీసి, అలాగే పట్టుకుని మెట్లెక్కి, టీ కప్పులు పెట్టాల్సిన చోట బల్ల మీద పెట్టాను.

నేనన్నది ఇదీ. ఈ పలక ప్రకారం ఆఫీసరు గారు ఈ క్షణాన పొగలో ఉన్నారు. ఆ పక్కన కూర్చున్న మీసాలాయన కూడా పొగలోనే ఉన్నారు. ఆస్పత్రిలో ఉన్న మనిషి కూడా పొగలోనే ఉన్నాడు. వీళ్ళని వెతకడానికి ఇప్పుడు మీలో ఎవరు లోపలికి వెళ్తారు? పలక దగ్గర మా అమ్మాయి లేదు కదా, ఇవాళ్టి లెక్క ఎవరు తప్పారు?

పెద్దాయన మీసాలాయన వైపు చూశారు. ఆయన, అలవాటండి, బయల్దేరేముందు తగిలించేస్తామండి అన్నాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. మీ ఆఫీసరు ఏదో సర్దబోతే, ఆగండి, ఈ మాట మినిట్స్‌లో రాసుకోవాలి అన్నాను. నిలబడే రాశాను, అందరికీ వినపడేలా చదివి వినిపించాను.

గెలిచామనుకోకు. నివేదికలో నీ తప్పు లేదని రాశారు, సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ ఎవరి తప్పో రాయలేదు. వ్యవస్థాగత లోపమట. పాటగాడి ఉద్యోగం మాత్రం కాగితం మీదికి ఎక్కేదాకా నేను ఆ గది వదల్లేదు. మీ ఆఫీసరు పూలదండతో రిటైరవుతున్నారు. శిక్షణ నిలిపేశారు, రెండో జట్టు లేదు. సమావేశ మర్యాద పాటించనందుకు నన్ను యూనిఫాం స్టోర్‌కి మార్చారు. కింద అంతస్తు, కిటికీ లేదు.

నువ్వు నన్ను మీరు అన్నావు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున కూడా అనలేదు. ఆ మాట తీసేయమని అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ వదిన


ఫైర్ స్టేషన్, ఆడవాళ్ళ గది

వదినా,

తీసేశాను. దాంతో కోపం కూడా పోయిందనుకోకు. పోలేదు. నీ మీద ఉంది, ఆ పూలదండ మీద ఉంది, వ్యవస్థాగత లోపం అన్న మాట మీద అన్నిటికంటే ఎక్కువ ఉంది. పాటగాడి నడుము విరగ్గొట్టింది వ్యవస్థ అట. వ్యవస్థకి మీసాలుంటాయని నాకు ఇప్పుడే తెలిసింది.

కొత్త ఆఫీసరు వచ్చాడు. గుమ్మం దగ్గర చేతికే ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇస్తున్నారు. మీసాలాయన మొహం పక్కకి తిప్పుకుని ఇస్తాడు, నేను తీసుకుంటాను. మొహం ఎటు తిప్పుకున్నా నాకు ఫర్వాలేదు. నన్ను ఒక బృందానికి లీడింగ్ ఫైర్‌మన్‌గా వేశారు, తాత్కాలికంగా. శిక్షణ రద్దయింది కాబట్టి పరీక్ష లేదు, పరీక్ష లేదు కాబట్టి నేను ఎప్పటికీ తాత్కాలికమే అని గుమస్తా చెప్పాడు. ఎంతకాలం తాత్కాలికమని అడిగాను. రోజూ వెళ్ళి అదే ప్రశ్న అడుగుతున్నాను. నన్ను చూడగానే వాడు ఫైలు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగుతాడు.

పాటగాడు చేతికర్రల మీద నిలబడ్డాడు. వాడి భార్య నాకు ఫోన్ చేసి, వాడు ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టి చెప్పింది.

ఇక అసలు సంగతి. మొదటి జట్టు ఆడవాళ్ళు నాకు ఉత్తరాలు రాస్తున్నారు. శిక్షణ నీ వల్లే పోయిందని తిట్టినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి గట్టిగానే జవాబిచ్చాను, ఇప్పుడు వాళ్ళే ముందు వస్తున్నారు. సెలవు రోజున అందరం మా స్టేషన్ పెరట్లో కలుస్తున్నాం. మైకు లేదు, అద్దం లేదు. ఒకరి తర్వాత ఒకరం బృందాన్ని నడుపుతాం, మిగతావాళ్ళు తప్పులు పట్టుకుంటారు. ఫ్లాస్కావిడ గొంతు ఇంత పెద్దదని ఆవిడకే తెలియదు. ఎవరి స్టేషన్లో ఎవరు అడ్డం నిలబడ్డారో పేర్లతో సహా చెప్పుకుని, ఎవరిని ఎలా నిలదీయాలో అక్కడే అనుకుంటున్నాం. దీనికి మేం ఎవరి అనుమతీ తీసుకోలేదు, రద్దు చేయడానికి ఏమీ లేదు కాబట్టి దీన్ని ఎవరూ ఆపలేరు.

నువ్వు రావాలి. ఉపన్యాసం ఇవ్వడానికి కాదు, దండం పెడతాను. నిన్ను పొగ గదిలోకి తీసుకెళ్తాను. నీ బిళ్ళ నువ్వే చేతికిచ్చి లోపలికి వెళ్తావు, ఏమీ కనపడక, ఊపిరాడక, ఈల కోసం చెవులు రిక్కిస్తావు. ఆ తర్వాత ఎవరికైనా ఓర్చుకో అని రాయగలిగితే రాయి. ఇకమీదట నీకు మెంటర్ని నేను, ఇప్పుడే చెప్తున్నా, నాకు ఓర్పు తక్కువ.

వచ్చేటప్పుడు నీ సైజు బూట్లు ఆ స్టోర్లోంచే తెచ్చుకో. వెతికి చూడు, ఆడవాళ్ళ సైజు ఒక్కటీ ఉండదు. మేమంతా బూట్లలో గుడ్డలు కుక్కుకునే ఇన్ని మంటలు ఆర్పాం. నిన్ను శిక్షించామనుకుని తీసుకెళ్ళి సరిగ్గా అక్కడ కూర్చోబెట్టారు వదినా, ఇంక మొదలుపెట్టు.

నీ ఆడపడుచు